కారులోకి దూరిన చెమ్మ

వానాకాలంలో యూరియా బస్తా మూతి విప్పి నాలుగు రోజులు వసారాలో వదిలేస్తే ఏమవుతుందో కృష్ణా డెల్టాలో పుట్టిన ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. ఆవాల్లా జారిపోవలసిన గుళికలు ఒకదానికొకటి అంటుకుని పెడ్డలు కడతాయి. బస్తా అడుగు జిగటగా తగులుతుంది. ఎవరూ నీళ్ళు పోయలేదు. గాలిలో కంటికి కనబడకుండా ఉన్న నీటి ఆవిరినే యూరియా లాక్కున్నది. "చెమ్మ పట్టింది" అని మన పెద్దలు విసుక్కుంటారు, పెడ్డలు చితక్కొట్టి చల్లుకుంటారు. అంతటితో సరి.

ఇదే గుణం గల మరో నత్రజని ఎరువు అమ్మోనియం నైట్రేట్. చెమ్మను లాక్కోవడంలో అది యూరియాకు ఏమాత్రం తీసిపోదు. అయితే యూరియాకు లేని మరో గుణం దానికి ఉన్నది. సరైన పరిస్థితులు కలిస్తే అది పేలుతుంది. 2020 ఆగస్టు 4న లెబనాన్ దేశపు బేరూత్ రేవులో పేలి నగరాన్ని ధ్వంసం చేసినది ఈ పదార్థమే. అక్కడి గిడ్డంగిలో సుమారు 2,750 టన్నులు నిల్వ ఉండేది. ఆ వార్త విన్నాక చెన్నై పక్కన మనలిలో ఏళ్ళ తరబడి పడివున్న దాదాపు 700 టన్నుల సరుకును హడావిడిగా లారీలకెక్కించి హైదరాబాదుకు తరలించారు. మన దేశంలో దీని నిల్వకూ, అమ్మకానికీ 2012 నాటి నిబంధనల ప్రకారం లైసెన్సు ఉండాలి.

ఇటువంటి పదార్థం, కొద్ది గ్రాముల మోతాదులో, కోట్లాది కార్ల స్టీరింగు చక్రంలో ఉండేదంటే నమ్ముతారా? అక్కడ కూడా దానికి చెమ్మే పట్టింది. ఫలితంగా మోటారు వాహనాల చరిత్రలోకెల్లా పెద్దదైన "రీకాల్" జరిగింది. రీకాల్ అంటే వెనక్కు పిలవడం. అమ్మేసిన కార్లలో ప్రాణాపాయం తెచ్చే లోపం ఉన్నదని తేలితే, ఆ తరహా కార్లన్నిటినీ కంపెనీ తన వర్క్‌షాపులకు పిలిపించి, పైసా తీసుకోకుండా బాగుచేసి పంపాలి. మన విజయవాడ బందరు రోడ్డు మీద రోజూ కనిపించే హోండా సిటీ కారు కూడా ఇలా వెనక్కు వెళ్ళినదే, అదీ ఒకసారి కాదు.

రెప్పపాటులో ఉబ్బే సంచి

ముందు ఎయిర్‌బ్యాగు ఎలా పనిచేస్తుందో చూద్దాం. దీన్ని మనం గాలిసంచి అందాం. కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతూ ఎదుటి లారీని గుద్దుకున్నదనుకోండి. కారు ఆగిపోతుంది. లోపలి మనిషి ఆగడు. న్యూటను మొదటి సూత్రం మీరు ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదిలోనో చదివేవుంటారు. ఆయన శరీరం అదే 60 కిలోమీటర్ల వేగంతో ముందుకు సాగి స్టీరింగు చక్రానికి కొట్టుకుంటుంది. సీటు బెల్టు ఆ వేగాన్ని చాలావరకు అణుస్తుంది. మిగిలిన దాన్ని మెత్తగా అందుకోవడానికి ఉన్నదే గాలిసంచి.

ఆ సంచిని ఉబ్బించడానికి మనకున్న వ్యవధి సెకనులో ముప్పయ్యోవంతు మాత్రమే. కంటిరెప్ప ఒకసారి వాల్చి ఎత్తడానికి అంతకు మూడు నాలుగింతల కాలం పడుతుంది. ఇంత తక్కువ వ్యవధిలో యాభై అరవై లీటర్ల వాయువు ఏ పంపూ కొట్టలేదు. కాబట్టి వాయువును అక్కడికక్కడే పుట్టించాలి. స్టీరింగు నడుమ చిన్న ఉక్కు డబ్బా ఉంటుంది. దాన్ని ఇన్‌ఫ్లేటర్ అంటారు. అందులో గట్టిగా అదిమిన రసాయనపు బిళ్ళలు ఉంటాయి. కారు ఠక్కున ఆగిందని విద్యుత్ పరికరం పసికట్టగానే డబ్బాలో నిప్పురవ్వ పుడుతుంది. బిళ్ళలు మండి వాయువులు ఉప్పెనలా వెలువడి సంచిలోకి దూరతాయి. తల సంచికి తగిలీ తగలకముందే సంచి వెనుక ఉన్న రంధ్రాల గుండా వాయువు జారిపోవడం మొదలవుతుంది. అందువల్లనే అది తలగడలా మెత్తగా తగులుతుంది.

తొలినాళ్ళలో ఈ బిళ్ళలను సోడియం ఎజైడ్ అనే పదార్థంతో చేసేవారు. అది విడిపోయి నత్రజని వాయువును ఇస్తుంది. కాని అది విషపదార్థం. అందుచేత కంపెనీలు వేరే రసాయనాల వైపు మళ్ళాయి. జపానుకు చెందిన టకాటా కంపెనీ 2000 సంవత్సరం ప్రాంతంలో అమ్మోనియం నైట్రేటును ఎంచుకున్నది. అది చవక. పైగా మండితే నత్రజని, ఆక్సిజను, నీటి ఆవిరి, ఇలా దాదాపు అంతా వాయువే అవుతుంది. పొగా మసీ తక్కువ. చిన్న డబ్బాలో ఎక్కువ వాయువు! కాగితం మీద ఇంతకంటే మంచి బేరం లేదు.

అయితే ఈ పదార్థానికి ఒక చిత్రమైన అలవాటు ఉన్నది. 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని స్ఫటికాలు తమ అమరిక మార్చుకుంటాయి, దానితోపాటు ఘనపరిమాణమూ మారుతుంది. వేడెక్కితే ఒక రూపం, చల్లబడితే మరో రూపం. టకాటా ఇంజనీర్లకు ఈ సంగతి తెలియక కాదు. పొటాషియం లవణం కలిపి ఆ మార్పును అరికట్టారు. కాని చెమ్మను అరికట్టలేదు. మందుల సీసాలో మీరు చూసే చిన్న పొట్లం లాంటిది, అంటే తేమను పీల్చే పదార్థం ఏదీ, ఆ డబ్బాల్లో చాలావాటిలో పెట్టలేదు.

ఊక చెప్పే పాఠం

ఉక్కు డబ్బాకు సీలు ఉంటుంది కదా, చెమ్మ ఎలా దూరింది అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. సీలు ఎంత బిగువుగా ఉన్నా పదేళ్ళలో అణువు తరవాత అణువుగా నీటి ఆవిరి లోపలికి జారుతూనే ఉంటుంది. లోపల పగటి వేడికి బిళ్ళ చెమ్మను వదులుతుంది, రాత్రి చల్లబడ్డాక మళ్ళీ పీలుస్తుంది. రోజుకొకసారి చొప్పున కొన్ని వేలసార్లు. ప్రతిసారీ స్ఫటికాల అంచులు రవ్వంత కరిగి మళ్ళీ గడ్డకడతాయి. క్రమంగా బిళ్ళ ఉబ్బుతుంది, దాని సాంద్రత తగ్గుతుంది, లోపల సన్నని రంధ్రాలు పడతాయి. పైకి చూస్తే అదే బిళ్ళ. లోపల జల్లెడ.

జల్లెడ అయితే ఏమిటి నష్టం? బియ్యం మిల్లు దగ్గరకు పోయి చూడండి. మిల్లు వెనుక కుప్పగా పోసిన ఊకకు నిప్పంటుకుంటే రోజుల తరబడి రాజుకుంటూ పొగలు కక్కుతుందే గాని భగ్గున మండదు. అదే ఊకను బాయిలరు కొలిమిలోకి గాలితో చిమ్మితే క్షణంలో మంట లేస్తుంది. పదార్థం అదే, బరువూ అంతే. మారినది గాలికీ నిప్పుకీ అందే ఉపరితల వైశాల్యం. అమ్మోనియం నైట్రేటు బిళ్ళకు తనలోనే ఆక్సిజను ఉన్నది కనుక గాలితో పనిలేదు, కాని నిప్పు మాత్రం పైనుంచి లోపలికి పొరలు పొరలుగా పాకాలి. గట్టి బిళ్ళలో అది లెక్క ప్రకారం పాకుతుంది. రంధ్రాలు పడిన బిళ్ళలో నిప్పు ఒక్కసారిగా అన్ని రంధ్రాల్లోకీ దూరుతుంది. సెకనులో ముప్పయ్యోవంతులో రావలసిన వాయువు అంతకన్న ఎంతో ముందే వచ్చిపడుతుంది. సంచిలోకి పోయే దారులు చాలవు. పీడనం పెరిగి ఉక్కు డబ్బాయే చిట్లుతుంది. ఆ ముక్కలు సంచిని చీల్చుకుని ఎదురుగా ఉన్న మనిషి మెడకూ ముఖానికీ తగులుతాయి.

ప్రాణం కాపాడవలసినది ప్రాణం తీయడం అంటే ఇదే. ఒక్క అమెరికాలోనే ఇలా ఇరవై ఐదు మందికి పైగా చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. వీటిలో కొన్ని, మామూలుగా అయితే చిన్న దెబ్బలతో బయటపడవలసిన ప్రమాదాలు.

లోపం బయటపడిన తీరు కూడా తెలుసుకోవలసినదే. 2008లో హోండా కంపెనీ అమెరికాలో సుమారు 4,000 కార్లను మాత్రమే వెనక్కు పిలిచింది. ఏదో ఒక ఫ్యాక్టరీలో బిళ్ళలు సరిగా అదమలేదు, ఆ సరుకు మారిస్తే చాలు అనుకున్నారు. తరవాత మరికొన్ని, ఆ తరవాత ఇంకొన్ని. ఎంత మార్చినా వేరే ఏడాది కార్లలో, వేరే కంపెనీల కార్లలో డబ్బాలు చిట్లుతూనే ఉన్నాయి. ఎక్కడ చిట్లుతున్నాయో దేశపటం మీద గుర్తులు పెడితే అసలు సంగతి కనబడింది. ఫ్లోరిడా, లూసియానా, టెక్సాస్ తీరం, ప్యూర్టోరికో దీవి. అన్నీ ఉక్కపోత ప్రాంతాలే. దోషం ఒక ఫ్యాక్టరీది కాదు, పదార్థానిది. చివరకు ప్రపంచమంతటా మార్చవలసిన డబ్బాల లెక్క పది కోట్లకు చేరింది. పరీక్షల ఫలితాలను తారుమారు చేసి కార్ల కంపెనీలకు చూపించామని 2017లో టకాటా అమెరికా కోర్టులో ఒప్పుకున్నది, అదే ఏడాది దివాలా తీసింది. ప్రయోగం రికార్డు పుస్తకంలో రాని రీడింగు వచ్చినట్లు రాసే పిల్లల మీద నేనెందుకు అంతగా కోప్పడతానో మా తరగతి వారికి ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మన ఉక్కపోత సంగతి

పత్రికల్లో "గాలిలో తేమ 80 శాతం" అని చదువుతాం. ఆ శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. పది డిగ్రీల చలిలో ఒక ఘనపు మీటరు గాలి పూర్తిగా తడిసినా, అంటే నూరు శాతం తేమ ఉన్నా, అందులో ఉండే నీటి ఆవిరి సుమారు 9 గ్రాములు. 30 డిగ్రీల వద్ద అదే గాలి సుమారు 30 గ్రాములు మోయగలదు. అందులో 80 శాతం అంటే 24 గ్రాములు. కాబట్టి ఉత్తరాదిన జనవరిలో చెయ్యి చాస్తే కనబడనంత పొగమంచులో కన్న, బందరులో ఆగస్టు నాటి మామూలు ఉదయం గాలిలో నీరు రెండున్నర రెట్లు ఎక్కువ. డబ్బాలోకి దూరే చెమ్మకు కావలసింది ఈ గ్రాముల లెక్కే, శాతం కాదు.

ఇక వేడి సంగతి బెజవాడ వాళ్ళకు చెప్పాలా? మే నెలలో 45 డిగ్రీలు తాకే రోజులున్న ఊరు మనది. అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారు లోపల గాలి 60 డిగ్రీలు దాటుతుంది, డ్యాష్‌బోర్డు 70 దరిదాపులకు చేరుతుంది. తెల్లవారుజామున అదే కారు మళ్ళీ 28కి దిగుతుంది. బిళ్ళను పాడుచేయడానికి ఇంతకన్న అనువైన ఊరు కోసం ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు.

ఇది ఊహ మాత్రమే అనుకోకండి. మనలాంటి వాతావరణమే గల మలేషియాలో 2014లోనూ 2016లోనూ హోండా సిటీ కార్లలోనే ఈ డబ్బాలు చిట్లి మనుషులు చనిపోయారు. మన దేశంలో హోండా కంపెనీ 2016 జూలైలో 1,90,578 కార్లను వెనక్కు పిలిచింది. వాటిలో 1,37,270 సిటీ కార్లే, అన్నీ 2012కు ముందు తయారైనవి. 2017 జనవరిలో 2012 నాటి కార్లు 41,580. అందులో సిటీ 32,456. 2018 జనవరిలో 2013 నాటివి 22,834. అందులో సిటీ 22,084. ఈ వరస గమనించారా? ఒక్కొక్క ఏడాది కార్లు వయసు మీరుతున్న కొద్దీ ఒక్కొక్క జట్టుగా పిలిచారు. తయారైన రోజున ఆ కార్లలో ఏ పరీక్షకూ లోపం దొరికేది కాదు. పాలు కాచిన పూట బాగానే ఉంటాయి, మర్నాటికి గదా విరిగేది!

అన్ని లోపాలూ ఇలా వయసుతో వచ్చేవి కావు. మన రాష్ట్రంలోనే, పెనుకొండ ఫ్యాక్టరీలో తయారైన కియా కారెన్స్ కార్లు 44,174 ను 2022 అక్టోబరులో తనిఖీకి పిలిచారు. అక్కడా విషయం గాలిసంచిదే గాని, రసాయనానిది కాదు. సంచికి ఆజ్ఞ ఇచ్చే పరికరంలోని సాఫ్ట్‌వేరులో పొరపాటు ఉండవచ్చని అనుమానం. అవసరమైన చోట సాఫ్ట్‌వేరు మార్చారు. ఆ కారు మార్కెట్లోకి వచ్చి అప్పటికి ఏడాదైనా కాలేదు.

మరి చట్టం ఏమంటున్నది? 2019 వరకు మన దేశంలో రీకాల్ కంపెనీల ఇష్టాన్ని బట్టి జరిగేది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు, 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఫిర్యాదులు ఒక మోతాదు దాటితే ప్రభుత్వమే రీకాల్‌కు ఆజ్ఞాపించవచ్చు, పది లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. మంచిదే. కాని అది ఏడేళ్ళ లోపు వయసున్న వాహనాలకు మాత్రమే. మన బిళ్ళకు చెమ్మ పట్టి జల్లెడ కావడానికి సాధారణంగా అంతకన్న ఎక్కువ కాలమే పడుతుంది! ఈ ఏడేళ్ళ గీత ఎవరు గీశారో గాని రసాయన శాస్త్రం చదివినవారిని అడిగినట్లు లేదు.

పాత కారుకు ఇంకో చిక్కు కూడా ఉన్నది. కంపెనీ ఉత్తరం మొదటి యజమాని చిరునామాకు పోతుంది. మన ప్రాంతంలో కారు అయిదారేళ్ళకు చేతులు మారుతుంది. హైదరాబాదులో కొన్నది గుడివాడకు, అక్కడినుంచి అవనిగడ్డకు. గ్యారంటీ తీరాక కంపెనీ వర్క్‌షాపు గడప తొక్కేవారు తక్కువ. విజయవాడ ఆటోనగర్ ఉండగా వేరే చోటు దేనికి అంటారు. నిజమే, ఇంజను విప్పి బిగించడంలో అక్కడి మేస్త్రీల హస్తవాసి గొప్పది. కాని ఇన్‌ఫ్లేటర్ మాత్రం చేత్తో విప్పి చూసే వస్తువు కాదు. బిళ్ళ చెడిందో లేదో బయటినుంచి తెలుసుకునే ఉపాయమూ లేదు. తుక్కు కారు నుంచి ఊడదీసిన గాలిసంచిని చవకగా వస్తుందని మరో కారుకు తగిలిస్తే ఆ చెమ్మ పట్టిన డబ్బా కూడా వెంట వస్తుంది. అమెరికాలో అలా తగిలించిన పాత సంచి వల్ల గాయపడినవారున్నారు.

మా వీధి చివర ఒక బాబాయిగారు ఉన్నారు. ఆయన కారు మూడో చేతిది, 2010లో తయారైనది. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, టకాటా డబ్బాలు డజనుకు పైగా కంపెనీల కార్లలో ఉండేవి. నేను సంగతి చెబితే ఆయన నవ్వి, "మాస్టారూ, బండి గుర్రంలా పరుగెడుతోంది. దానికి జబ్బేమిటండీ?" అన్నారు.

"జబ్బు గుర్రానిది కాదండీ, కళ్ళెంలో ఉంది. ఒక్కసారి ఆర్.సి. పుస్తకం ఇలా ఇవ్వండి" అన్నాను.

ఆర్.సి.లో ఛాసిస్ నంబరు అని ఉంటుంది. చాలా కార్లకు అది పదిహేడు గుర్తుల వరస, అక్షరాలూ అంకెలూ కలిసి. మన దేశంలో తయారైన కార్లకు సాధారణంగా "ఎం" అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలవుతుంది. అందులో "ఐ", "ఓ", "క్యూ" అనే అక్షరాలు ఎప్పుడూ ఉండవు, ఒకటితోనూ సున్నతోనూ పొరబడతామని వాటిని వదిలేశారు. కారు ఎన్ని చేతులు మారినా, రంగు మారినా ఈ నంబరు మారదు. కంపెనీ వెబ్‌సైటులో ఈ నంబరు కొడితే రీకాల్ బాకీ ఉన్నదీ లేనిదీ చెబుతుంది. ఇంటర్నెట్ లేనివారు ఆ కంపెనీ షోరూముకు ఫోను చేసి నంబరు చదివినా చెబుతారు. మీ ఇంట్లో కారు ఉంటే, లేదా మీ బడికి పిల్లల్ని తెచ్చే వ్యాను ఉంటే, ఈ ఆదివారం ఆ పదిహేడు గుర్తులు తప్పు లేకుండా ఎక్కించి చూడండి. ఒక్క గుర్తు తప్పినా అది వేరే వారి కారు!

బాబాయిగారి నంబరు కొట్టాం. "బాకీ ఉన్నది" అని వచ్చింది. ఆయన నవ్వు ఆగిపోయింది. పదేళ్ళకు పైగా ఆయన ఆ చక్రం ముందు కూర్చుని మనవళ్ళను తిప్పుతున్నారు.

మరుసటి వారం ఇద్దరం వర్క్‌షాపుకు వెళ్ళాం. డబ్బా మార్చడానికి పూట కూడా పట్టలేదు, రూపాయి తీసుకోలేదు. వచ్చేముందు బాబాయిగారు అలవాటు ప్రకారం చెయ్యి చాచి, "పాత పార్టు ఇవ్వండి" అన్నారు. ఆటోనగర్‌లో ఏ పని చేయించినా పాత పార్టు చేతికిస్తేనే ఆయనకు నమ్మకం.

ఆ కుర్రవాడు తల అడ్డంగా ఊపి, "అది ఇవ్వకూడదండీ. పేలేది. లెక్కపెట్టి వెనక్కి పంపించాలి" అన్నాడు.

బాబాయిగారు దారి పొడుగునా మాట్లాడలేదు. ఇంటికి చేరాక మాత్రం తనకు కారు అమ్మినాయన ఫోను నంబరు వెతికి తీసి, ఆయన ఇప్పుడు నడిపే కారు ఏ సంవత్సరానిదో అడగడం మొదలుపెట్టారు.